కృపామణి టీచర్ చూపిస్తానన్న చిలక

మా కృపామణి టీచర్‌కు ఈ లోకంలో రెండే భయాలు. ఒకటి దేవుడు, రెండోది పురుగు. దేవుడి దగ్గరికి ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని ధైర్యంగానే వెళ్ళి వస్తుంది. పురుగు దగ్గర మాత్రం ఆ ధైర్యం పనిచేయదు. ఒకసారి నా ఆటో వెనక సీటు మీద చిటికెనవేలంత గొంగళిపురుగు ఒకటి తీరిగ్గా పడుకుని ఉంది. ఆటో పోతూనే ఉంది. ఆమె దాన్ని చూసి దూకిన దూకుడుకు నా మూడు చక్రాల్లో రెండు గాల్లోకి లేచాయి. మిగిలిన ఒక్క చక్రం మీద నేను కాణిపాకం మలుపు దాకా పోయి, అక్కడ ఒక లారీకి దారి కూడా ఇచ్చి, వెనక్కి వచ్చి ఆమెను ఎక్కించుకున్నాను. నమ్మనివాళ్ళు ఆ చక్రాన్నే అడగొచ్చు. ఇంకా నా ఆటోకే ఉంది.

అలాంటి మనిషిని తెచ్చి పట్టుపురుగుల ఊళ్ళో టీచరుగా వేశారు.

మా ఊరు ఐరాల నుంచి లోపలికి, మామిడితోటలు దాటాక వస్తుంది. మనుషులు తక్కువ, పురుగులు ఎక్కువ. మనుషులు రేకుల ఇళ్ళలో ఉంటారు, పురుగులకు మిద్దె షెడ్లు. అవి మల్బరీ ఆకు మేస్తుంటే వాన పడుతున్న చప్పుడే. మా తాత ఒక రాత్రి ఆ చప్పుడు విని వాన వచ్చిందనుకుని, నిద్రకళ్ళతోనే పొలానికి పోయి వేరుశనగ విత్తేశాడు. ఆ చప్పుడు నమ్మి విత్తనం మొలిచింది కూడా. మా కుటుంబంలో విత్తనాలు కూడా మాట మీద నిలబడతాయి.

నా పేరు గిరి. ఏడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత బడికీ నాకూ ఒకరి అవసరం ఒకరికి లేదని తెలిసిపోయి ఆటోలోకి వచ్చాను. పొద్దున ఐరాల బస్టాండులో టీచరమ్మను ఎక్కించుకుని బడి దగ్గర దించడం, గూళ్ళు దించిన రోజుల్లో మూటలు వేసుకుని పలమనేరు మార్కెట్‌కి పోవడం నా పని. ఈ దారిలో నాకు తెలియని గుంత లేదు. సగం గుంతలు నా ఆటో పెట్టినవే.

కృపామణి టీచర్‌ది చిత్తూరు టౌను. వాళ్ళ నాయన దయానంద్ ఒక ఆసుపత్రిలో కాంపౌండరు. సూది గుచ్చేముందు చిన్న ప్రార్థన చేసేవాడట. ప్రార్థన పొడవును బట్టి సూది ఎంత పెద్దదో రోగికి ముందే తెలిసిపోయేదట. ఈమె చిన్నప్పుడు చర్చిలో కోతల పండుగ జరుగుతోంది. గుమ్మడికాయలు, అరటిగెలలు, ఆకుకూరల కట్టలు అన్నీ దేవుడి ముందు పెడతారు. చేతిలో తోటకూర కట్ట పట్టుకుని పాడుతున్న ఈ పిల్ల మెడలోకి అందులోంచి ఒక పురుగు జారింది. ఆమె అరిచిన అరుపుకు పాట పైస్థాయికి పోయిందనీ, ఆ స్థాయిని ఆ చర్చిలో ఇంతవరకు ఎవరూ అందుకోలేదనీ దయానంద్ గారు చనిపోయేదాకా చెప్పుకున్నాడు. పురుగు భయం అప్పటిది. ఆమె భర్త జయరావు శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, శనివారం ఇంటికొస్తాడు. రాగానే కాఫీ ఇవ్వదు. వారమంతా ఏ బొద్దింక ఏ మూల కనబడిందో చెప్పి, చీపురు చేతికిస్తుంది.

కానీ పాఠం చెప్పేటప్పుడు ఆమెను చూడాలి. మా ఊరి బడి రెండు గదులు, ఒక వంట షెడ్డు. టీచరమ్మను దించాక నేను వెంటనే పోను. వంట షెడ్డులో మా మునిరత్నమ్మ అత్త ఇచ్చే టీ తాగుతూ కిటికీ బయట కూర్చుంటాను. ఏడో తరగతిలో వదిలేసిన చదువును అట్లా కిటికీలోంచి పూర్తి చేస్తున్నానన్నమాట. ఇప్పటికి నాకు కనీసం రెండు డిగ్రీలు రావాల.

విత్తనం పాఠం వస్తే పిల్లల చేత పెరుగు కప్పుల్లో అలసందలు వేయించేది. ముందు వేరు వస్తుందా, ఆకు వస్తుందా అని పిల్లలు పోట్లాడుకునేవాళ్ళు. వానలు పడగానే మడుగులోంచి కప్పపిల్లలను గాజుసీసాలో తెప్పించేది. కాళ్ళు వచ్చి, తోక పోయి, కప్ప అయ్యేదాకా చూపించి, మళ్ళీ మడుగు దాకా ఊరేగింపుగా తీసుకెళ్ళి వదిలించేది. ఒక ఏడాది ఆ కప్పల్లో ఒకటి మా ఇంటి ముందుకొచ్చి హాజరు పలికింది. అంత బాగా చదువుకుంది. ఇన్ని చేసే మనిషి పురుగు పాఠం దగ్గరికి వచ్చేసరికి గోడకు చార్టు తగిలించి, కర్రతో దూరంనుంచి చూపించి, గబగబా ముగించేది.

మునిరత్నమ్మ అత్త గురించి చెప్పాలి. మా నాయనకు అక్క. బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆమే, ఊళ్ళో అందరికంటే బాగా పురుగులు పెంచేదీ ఆమే. షెడ్డులోకి ఎవరినీ రానివ్వదు. వాసన తగిలితే పురుగు చెడుతుందని పట్టింపు. టీచరమ్మ కొత్తగా వచ్చినప్పుడు ఒకసారి ధైర్యం చేసి షెడ్డు గుమ్మం దాకా పోయింది.

"ఆడనే నిలబడండి టీచరమ్మా. మొగానికి పౌడరు ఏసుకున్నారే, అది కడుక్కోండి ముందు. నా బిడ్డలకు వాసన పడదు. ఇప్పుడే రెండో జరం లేచినాయి" అంది అత్త.

పురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉంటుంది. దాన్ని మా వాళ్ళు జ్వరం అంటారు. టీచరమ్మ మొహం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. గుమ్మంలోంచి ఒక కన్ను మాత్రం లోపలికి పెట్టింది. తట్టల నిండా తెల్లగా కదులుతున్న వాటిని చూసి, "బాగున్నాయి మునిరత్నమ్మా, ఆరోగ్యంగా ఉన్నాయి" అని చెప్పి, వెనక్కి తిరగకుండానే వెనక్కి నడిచి నా ఆటో ఎక్కింది.

ఇక అసలు సంగతి. ఈ ఏడు మూడో తరగతికి జీవితచక్రాల పాఠం వచ్చింది. ఆ రోజు ఆమెకు ఏమనిపించిందో, చార్టు తగిలించకుండా పిల్లలతో, "పట్టుపురుగు మీ ఇంట్లో ఉండేదే కదా, దాని జీవితచక్రం మీరే వేయండి" అంది. కోమలి అని మా అత్త మనవరాలు, తరగతిలో గట్టిపిల్ల, పెద్ద కాగితం పరుచుకుని వేసింది. నాలుగు బొమ్మలు, మధ్యలో బాణాలు. ఒకటి, కాగితం మీద ఆవాల్లాగా గుడ్లు. రెండు, ఆకు మీద పురుగు. మూడు, పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు తడక, చంద్రికలో గూడు. నాలుగో బొమ్మ ఒక ఆటో.

కిటికీ బయట నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఎందుకంటే అది నా ఆటో. ముందర కట్టిన నిమ్మకాయలతో సహా వేసింది.

"ఇదేంది కోమలీ?" అని అడిగింది టీచరమ్మ.

"గిరి మామ ఆటో టీచర్. గూళ్ళు మూటగట్టి దాంట్లో ఏస్తే మార్కెట్‌కి పోతాయి."

"ఆ తర్వాత?"

"అంతే. మళ్ళీ గుడ్లు వస్తాయి."

"ఆ గుడ్లు యాడినుంచి వస్తాయమ్మా?"

"ఆఫీసు నుంచి టీచర్."

"ఆఫీసు గుడ్లు పెడుతుందా?"

తరగతంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పెడతాది టీచర్, మా నాయన పోయి తెచ్చేది ఆడినుంచే" అని వెనకనుంచి ఒకడు సాక్ష్యం చెప్పాడు. వాళ్ళ తప్పేముంది? మా ఊళ్ళో గుడ్ల కాగితాలు పట్టుపరిశ్రమ ఆఫీసు నుంచే వస్తాయి. గూడు కట్టగానే మార్కెట్‌కి పోతుంది. మధ్యలో ఏం జరుగుతుందో చూసినవాళ్ళు లేరు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఊరంతా చెప్పుకుని తిరిగాను. మనిషికి బాల్యం, యవ్వనం, ముసలితనం ఉన్నట్టు పట్టుపురుగుకు గిరి ఆటో అనేది ఒక దశ అని. పాఠ్యపుస్తకంలో ఎక్కించమని రాజధానికి రాద్దామనుకున్నాను కూడా.

టీచరమ్మ నవ్వలేదు. "గూడు లోపల పురుగు మారిపోతుంది పిల్లలూ. రెక్కలొస్తాయి. గూడు చీల్చుకుని చిలక బయటికొస్తుంది, ఎగురుతుంది, అదే గుడ్లు పెడుతుంది" అంది.

"గూడు చిల్లి పడేది ఊజీ ఈగ వల్ల టీచర్. చిల్లి పడితే మా అవ్వ దిబ్బలో ఏస్తాది" అంది కోమలి. తర్వాత మర్యాదగానే అడిగింది. "మీరు సూసినారా టీచర్, చిలకను?"

ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పడం ఎంత సులువు! నేనైతే చూశాననీ, దానితో కలిసి టిఫిన్ తిన్నాననీ చెప్పేవాణ్ణి. ఆమె సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ నిలబడింది.

"లేదమ్మా. నేనూ చూడలేదు. పుస్తకంలో బొమ్మే చూసినాను" అంది. ఆపైన కోమలి కాగితం తీసి గోడకు తానే అంటించింది. "ఇది ఈడనే ఉండనీ. నేను మీకు చిలకను చూపిస్తా. చూపించలేకపోతే కోమలి వేసిందే నిజం, నేను ఆ పాఠం మూసేస్తా. చూపిస్తే మాత్రం దీన్ని మనం దిద్దుకోవల్ల."

సాయంత్రం ఆటోలో, "ఎందుకు మేడం అంత పందెం? చార్టు చూపించి సరిపెట్టేసుంటే పోయుండేది" అన్నాను.

"ఏళ్ళ తరబడి చూడనిదే చెప్తా ఉన్నాను గిరీ" అంది, అద్దంలో నా వైపు చూడకుండా. "ఆ పిల్ల అడిగింది కాబట్టి తెలిసింది."

మరునాడు పిల్లలు తలా ఒక గూడు తెచ్చారు. అప్పటికి ఊళ్ళో అందరి పంటా దిగిపోతోంది, మా అత్తది మాత్రం వెనకబడి పురుగు ఇంకా మేస్తోంది. అందుకని కోమలి కూడా పక్కింట్లో అడిగి తెచ్చుకుంది. ఎందుకని ఏ ఇంట్లోనూ అడగలేదు. బడికి అంటే చాలు. ఎవరి గూటికి వాళ్ళు స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకున్నారు. కోమలిది ఆకుపచ్చ చుక్క. అన్నీ ఒక చెప్పుల పెట్టెలో సర్ది, మూతకు చిల్లులు పొడిచి, అలమరలో పెట్టారు. గూడంటే టీచరమ్మకు భయం లేదు, కాళ్ళు బయటికి కనబడవు కదా. రోజూ పొద్దున ఒక్కోటి తీసి చెవి దగ్గర ఆడించేది. లోపల గలగలమనేది.

పిల్లలకు ఊరికే ఎదురుచూడటం కష్టం. అందుకని నేను సాయం చేశాను. చిలక అంటే రామచిలకంత ఉంటుందనీ, మా షెడ్డులో ఒకప్పుడు ఒకటి పుట్టి తిరుమల కొండ దాకా ఎగిరి, దర్శనం చేసుకుని, సాయంత్రం దీపాల వేళకు తిరిగొచ్చిందనీ చెప్పాను. లడ్డు తెచ్చిందా అని అడిగారు. దారిలో తినేసిందని చెప్పాను.

సోమవారం పొద్దున ఆటో బడి ముందు ఆగీ ఆగగానే మునిరత్నమ్మ అత్త ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"టీచరమ్మా, ఈపొద్దు నేను లేకపోతే మీ సరుకంతా మట్టిపాలు!"

"ఏం సరుకు మునిరత్నమ్మా?"

"గూళ్ళమ్మా! బడికి ఫ్యానో ఏందో కొనేదానికి పిల్లోళ్ళ కాడ పోగు చేసినారు కదా. తట్టలు తీద్దామని అలమర తెరిస్తే, ఒకదాని మూతి తడిసిపోయి ఉండాది. ఇంకొంచెం సేపైతే చిల్లి పడేది. ఎసరు మీద గుడ్డ కట్టి అన్నిటికీ బాగా ఆవిరి పట్టించినా. ఇంక నెల పెట్టుకున్నా ఏం గాదు."

పెట్టె ఇంకా వెచ్చగా ఉంది. టీచరమ్మ మూత తీసింది. మూతి తడిసిన గూడు మీద ఆకుపచ్చ చుక్క ఉంది. చిలక బయటికొచ్చే ముందు గూడు మూతిని తడిపి మెత్తన చేసుకుంటుంది. ఆ సంగతి ఆమెకు పుస్తకంలో తెలుసు. లోపలి చిలక తలుపు తట్టింది, తెరుచుకునేలోపే ఆవిరికి చచ్చిపోయింది.

నేను నోరు తెరిచి ఏమీ అనలేకపోయాను. మా ఊళ్ళో ఇప్పటికీ ఆ రోజును గుర్తు చేసుకుంటారు.

"మంచిది మునిరత్నమ్మా" అంది టీచరమ్మ. "నాకోసం పొద్దున్నే కష్టపడినావు." అత్త సంతోషంగా బియ్యం కడగడానికి పోయింది. ఆ సంతోషాన్ని చెడగొట్టే మాట ఏదీ టీచరమ్మ నోట్లోంచి రాలేదు.

తరగతిలో మాత్రం చెప్పక తప్పలేదు. "ఈ గూళ్ళలోంచి చిలకలు రావు పిల్లలూ. మునిరత్నమ్మకు ముందే చెప్పాల్సింది, నేను చెప్పలేదు. తప్పు నాది" అంది. పిల్లలు ఎవరి గూడు వాళ్ళు తీసుకున్నారు. ఆకుపచ్చ చుక్క గూడును కోమలి చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. గలగలమనే ఉంది. గోడమీద నా ఆటో గెలిచినట్టే నిలబడి ఉంది. నిమ్మకాయలతో సహా అంత అసహ్యంగా అది నాకెప్పుడూ కనబడలేదు.

మధ్యాహ్నం వరసలో కోమలి తట్ట పట్టుకుని వచ్చింది. అత్త అన్నం, సాంబారు పోసి, ఉడికిన కోడిగుడ్డు వేయబోతే తట్ట వెనక్కి లాక్కుంది.

"ఏమే, గుడ్డు వద్దంటావా? నీకూ జరం లేచిందా?" అంది అత్త.

"నా గూట్లో చిలక ఉన్నిందవ్వా. బయటికొస్తా ఉంటే నువ్వు ఉడకబెట్టేసినావు."

"చిలకేందే, చెడిపోతాదని కదా నేను..."

"టీచర్ మాకు చిలకను చూపిస్తాననింది. సూపించకపోతే పాఠం మూసేస్తాననింది. ఇప్పుడు మూసేస్తాది."

అత్త గరిటె గుండిగలో పెట్టేసింది. "నేను చంపినానా?"

"ఎప్పుడూ చంపేదే కదవ్వా" అంది కోమలి. కోపంగా అనలేదు. ఇంటికెవరొచ్చారంటే పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది. మిగతా వరసకు గుడ్లు నేను వడ్డించాను. అత్త పొయ్యి ముందు కూర్చుని, మండుతున్న కట్టెనే మళ్ళీ మళ్ళీ లోపలికి తోస్తూ ఉంది.

ఆ వారంలోనే అత్త పంట దిగింది. ఊళ్ళో చివరి పంట అదే. ఆ తర్వాత కొత్త గుడ్లు వచ్చేదాకా ఊళ్ళో గూడనేది ఉండదు. పొద్దున్నే మూటలు ఆటోలో వేసుకున్నాం. ఇక్కడ మా అత్త పట్టింపు ఒకటి చెప్పాలి. మూటకు పసుపు రాసి ముడి వేసిందంటే పలమనేరు మార్కెట్లో తొట్టిలో గుమ్మరించేదాకా ఆ ముడిని దేవుడొచ్చినా విప్పనివ్వదు. మధ్యలో విప్పితే పంట అచ్చిరాదని ఆమె నమ్మకం. ఒకసారి పొరపాటున నా మఫ్లరు మూటలో పడి కట్టేస్తే, దాన్ని కూడా మార్కెట్ దాకా తీసుకుపోయిందే గానీ విప్పలేదు. ఆ మఫ్లరుకు మంచి ధర పలికింది.

"బడి కాడ ఆపరా" అంది.

"అత్తా, వేలం టైమైపోతాది. పలమనేరు ఏం పక్కింట్లో ఉండాదా?"

"ఆపమంటే ఆపు. నీ నోరు కూడా ఆపు."

బడి మెట్ల మీద మూట దించుకుంది. ఆ పసుపు ముడిని పళ్ళతో లాగి విప్పింది. టీచరమ్మ సుద్దముక్కతోనే బయటికి పరుగెత్తుకొచ్చింది.

"మునిరత్నమ్మా! ఏం పని ఇది? మూట విప్పినావా?"

"నేను ఏసిన ముడే కదమ్మా. నేనే విప్పినా." అత్త గూళ్ళు ఒక్కోటి తీసి, బొటనవేలితో నొక్కి చూసి, గట్టివి ఏరి పక్కన పెడుతోంది.

"ఏవో చిన్నవి, మెత్తవి ఇచ్చినా చాలు కదా. మంచివి ఎందుకు?"

"నాసిరకం గూట్లోనుంచి ఏం చిలక వస్తాది, ఈగంత! మా పిల్ల సూడల్ల." దోసిలి నిండా టీచరమ్మ కొంగులో పోసింది. "ఈసారి వీటి జోలికి ఎవురన్నా వస్తే వాళ్ళను గుండిగ మీద పెడతా. నేనే వచ్చినా సరే."

అప్పటినుంచి మా అత్త ఆ పెట్టెకు కాపలా. స్టూలు మీద పెట్టించి, చీమలు ఎక్కకుండా దాని నాలుగు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టింది. టీచరమ్మకు పౌడరు బంద్. నాకు బీడీ బంద్. ఆటో పొగ కూడా తగలకూడదని మల్లప్ప బావి దగ్గరే ఆపమంది. అక్కడినుంచి బడిదాకా టీచరమ్మను ఆటోలో కూర్చోబెట్టి, ఇంజిన్ ఆపి, ఆటోను భుజాన వేసుకుని తీసుకొచ్చేవాణ్ణి. ఆమె నడిచి వచ్చిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

కొన్నాళ్ళకు ఒక గూటికి చిల్లి పడింది. పిల్లలంతా మూగారు. అందులోంచి తెల్లటి లావుపాటి పురుగు ఒకటి జారి కింద పడింది. రెక్కలు లేవు, ఏమీ లేవు. టీచరమ్మ బల్ల మీదికి ఎక్కేసింది.

"సూడండి టీచర్, ఊజీ! నేను చెప్పలా?" అంది కోమలి. గెలిచిన పిల్ల మొహంలో ఉండాల్సిన సంతోషం మాత్రం లేదు.

టీచరమ్మ బల్ల మీదినుంచే అయినా పాఠం వదల్లేదు. "అది... అది ఈగ పిల్ల. ఈగ వచ్చి పురుగు మీద గుడ్డు పెడితే, లోపల ఇది పెరిగింది. ఇది మట్టిలోకి పోయి మళ్ళీ ఈగవుతుంది. దానికీ ఒక జీవితచక్రం ఉండాది పిల్లలూ."

"దాని చక్రం ఈడితో సరి" అని అత్త చెప్పు తీసి ఒక్కటేసింది.

మిగిలిన గూళ్ళను ఒక్కోటిగా చెవి దగ్గర పెట్టి విన్నారు. టీచరమ్మ ఆ సాయంత్రం ఆటోలో, "అన్నీ ఇట్లాగే అయితే?" అంది. రోడ్డు మీద ఎవరూ లేకపోయినా నేను హారన్ కొట్టాను.

తర్వాత ఒక పొద్దున, నేను బావి దగ్గర ఆటో ఆపుతుండగానే అత్త కేక వినబడింది. ఆమె బడి దగ్గర కేక వేస్తే చిత్తూరు కలెక్టరాఫీసులో ఫైళ్ళు కదులుతాయి.

"టీచరమ్మా! మూతి తడిసింది! తడిసిందమ్మా! నేనేం ముట్టుకోలా!"

టీచరమ్మ చెప్పులు ఆటోలోనే వదిలేసి పరుగెత్తింది. పెట్టె చుట్టూ తలలన్నీ చేరాయి. గూడు చివర తడి మచ్చ పెద్దదయింది. దారాలు పక్కకు జరిగాయి. ముందు ఒక నల్లటి కన్ను, ఆపైన దువ్వెన ముక్కల్లాంటి రెండు మీసాలు. తల దూర్చి, ఆగి, మళ్ళీ తోసి, పొట్ట ఈడ్చుకుంటూ మొత్తానికి బయటపడింది. ఒళ్ళంతా తడి. రెక్కలు నలిగిన రుమాళ్ళలా ఉన్నాయి. అత్త చేతులు రెండూ కొంగులో దాచుకుని నిలబడింది, అలవాటు కొద్దీ అవి ఎక్కడ ఏం చేసేస్తాయో అన్నట్టు.

కాసేపటికి రెక్కలు ఆరి, విప్పారి, తెల్లగా అయ్యాయి. ఇంకో రెండు గూళ్ళు కూడా తడిశాయి. పిల్లలు కిటికీ తలుపులు బార్లా తెరిచి, చిలక ఎగిరిపోవడానికి దారి వదిలి నిలబడ్డారు. చిలక రెక్కలు టపటప కొట్టుకుంది. నాలుగడుగులు నడిచింది. మళ్ళీ కొట్టుకుంది. పెట్టె అంచు కూడా దాటలేదు.

"ఎగరలా టీచర్" అంది కోమలి.

"రామచిలకంత కూడా లేదు" అని ఇంకొకరు నా వైపు చూశారు. నేను వెంటనే కిటికీ ఊచలు గట్టిగా ఉన్నాయో లేదో పరీక్షించడంలో మునిగిపోయాను.

టీచరమ్మ పెట్టె దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపింది. చిలక ఆమె వేలి మీదికి ఎక్కింది, ఆరు కాళ్ళతో. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది, కానీ చెయ్యి లాక్కోలేదు. తర్వాత ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది.

"నేను చెప్పింది తప్పు పిల్లలూ" అంది, చిలక కదులుతుందేమోనని గొంతు తగ్గించి. "ఎగురుతుందన్నాను. సీతాకోకచిలుకను చూసి దీన్ని కూడా అట్లే అనుకున్నా. దీనికి రెక్కలుంటాయి, ఎగరలేదు. మీతోపాటే నేనూ ఇప్పుడు చూసినా."

ఈలోగా అత్త పరుగున పోయి లేత మల్బరీ ఆకు తెచ్చి దాని ముందు పెట్టింది. అది ఆకు మీదినుంచి తొక్కుకుంటూ పోయింది.

"తిను తల్లీ. ఏం, కూర బాగలేదా?"

"అది తినదు మునిరత్నమ్మా. చిలక అయినాక దానికి తినేదానికి నోరు ఉండదు" అంది టీచరమ్మ.

"తినదా! ఏమీ తినదా? నీళ్ళు కూడానా?" బడి మొత్తానికి వండిపెట్టే మనిషి జీవితంలో అంత ఘోరమైన మాట విని ఉండదు. ఆకు తీసి ఇంకోవైపు పెట్టి చూసింది. "పురుగుగా ఉన్నప్పుడే అంతా తినేసినావా? ఆ తిండికే బతుకుతావా ఇంక?"

"గుడ్లు పెట్టేదాకా బతుకుతుంది."

"అట్లయితే కాగితం ఏయండమ్మా" అంది అత్త, పని దొరికినందుకు తేరుకుని. "గుడ్లు కాగితం మీదే కదా ఉండేది. వట్టి అట్టమీద యాడ పెడతాది పాపం!"

పెద్ద కాగితం కోసం అందరూ వెతుకుతుంటే కోమలి గోడ దగ్గరికి పోయి, తన చార్టును జాగ్రత్తగా ఊడదీసి తెచ్చి పెట్టెలో పరిచింది. తడిసిన మిగతా గూళ్ళలోంచీ చిలకలు వచ్చాక, మగచిలక రెక్కలు కొట్టుకుంటూ ఆడదాని చుట్టూ తిరగడం, జత కట్టడం అన్నీ మా అత్త పెద్దరికంలోనే జరిగాయి. కట్నాలు లేవు, భోజనాలు అసలే లేవు. మరునాడు పొద్దున చూస్తే కాగితం మీద ఆవాల్లాగా పసుపుపచ్చని గుడ్లు, వరసలు తప్పి, ఒకదాని పక్కన ఒకటి. ఎక్కడ పెట్టిందనుకున్నారు? అంత పెద్ద కాగితంలో సరిగ్గా నా ఆటో మీద. టాపు నుంచి చక్రాల దాకా. నా ఆటోలో ఆ మాత్రం సౌకర్యం ఉంటుందని దానికి కూడా తెలిసింది.

కోమలి ముక్కు ఆనించి చూసి, "ఆఫీసు పెట్టలా టీచర్. ఇదే పెట్టింది" అంది.

"చూసినావా?"

"సూసినా." కాగితం మీదినుంచి తలెత్తి, "మీరూ సూసినారు" అంది.

దిద్దాల్సింది ఆ పిల్లే కాబట్టి టీచరమ్మ పెన్సిలు ఇచ్చింది. ఆటో చెరిపేస్తుందేమోనని కిటికీ బయటినుంచి మెడ సాచి చూశాను. చెరపలేదు. గూడు దగ్గర బాణాన్ని రెండుగా చీల్చింది. ఒకటి ఆటో వైపే పోయింది. రెండోదాని చివర రెక్కల చిలకను వేసి, దానినుంచి మళ్ళీ గుడ్ల దాకా గీత కలిపింది. "కొన్ని మార్కెట్‌కి పోతాయి టీచర్. కొన్ని బళ్ళోకి వస్తాయి" అంది. టీచరమ్మ ఆ చార్టునే గోడకు అంటించింది. తన పాత రంగుల చార్టును చుట్టచుట్టి అలమర మీద పెట్టింది.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆటోలో ఆమె వేలిని మాటిమాటికీ చూసుకుంటోంది. "ధైర్యం వచ్చేసింది కదా మేడం, ఇంక గొంగళిపురుగు కనబడినా దూకరు" అన్నాను.

"దాన్ని చూపించు, అప్పుడు చెప్తా" అంది. చూపించాను, నా భుజం మీదే ఉంది. చెరకుతోట వాళ్ళు ఇప్పటికీ ఆమె దూకి పడిన గుర్తును చూపిస్తారు.

మా మునిరత్నమ్మ అత్త మాత్రం ఇప్పుడు ప్రతి పంటకూ మూట కట్టే ముందే ఒక దోసెడు గట్టి గూళ్ళు ఏరి విడిగా పెడుతుంది. "ఇవి నీ ఆటోకు గాదురా, బడికి" అని నన్ను ముట్టుకోనివ్వదు. వాటికి పసుపు రాయదు, ముడి వేయదు. చిలకలు వచ్చే పొద్దున ఇప్పటికీ ఒక లేత ఆకు తెచ్చి వాటి ముందు పెట్టి, తింటాయేమోనని కాసేపు నిలబడి చూసి, ఆ తర్వాతే బియ్యం కడగడానికి పోతుంది.